సర్వర్లు, నెట్‌వర్క్ మానిటరింగ్: ఎక్కడ మొదలుపెట్టాలి, దేన్ని అలర్ట్ చేయాలి

మీరు అడిగింది ఇదీ: ముప్పై దాకా సర్వర్లు, పది పన్నెండు స్విచ్‌లు, ఒక ఫైర్‌వాల్, రెండు ఇంటర్నెట్ లైన్లు ఉన్నాయి. చూసుకునేది ఇద్దరే. ఏది ఆగిపోయినా యూజర్లు ఫోన్ చేశాకే మీకు తెలుస్తోంది. నాగియోస్, జాబిక్స్, ప్రోమీథియస్, లిబ్రెఎన్‌ఎంఎస్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లలో దేనితో మొదలుపెట్టాలి?

మీ పరిస్థితికి జాబిక్స్ సరిపోతుంది. కారణాలు కింద రాస్తాను. అయితే మానిటరింగ్ పెట్టిన చోట అది పనికిరాకుండా పోయిందంటే, సాఫ్ట్‌వేర్ ఎంపిక తప్పడం వల్ల అలా జరగడం అరుదు. ఇన్‌స్టాల్ చేసిన కొద్ది రోజులకే మెయిళ్లు కుప్పలుగా రావడం మొదలవుతుంది. విసుగొచ్చి ఎవరో వాటిని ఒక ఫోల్డర్‌లోకి మళ్లిస్తారు. నిజంగా సర్వర్ పడిపోయిన రోజున ఆ కబురు కూడా అదే ఫోల్డర్‌లో చదవకుండా పడి ఉంటుంది. నేను చూసిన చోట్లలో ఎక్కువగా జరిగింది ఇదే. అందుకని ఒక నియమం పెట్టుకోండి: అలర్ట్ అందుకున్న మనిషి అప్పుడు చేయాల్సిన పని ఒకటి ఉండాలి. చేయాల్సిన పనేమీ లేకపోతే ఆ సమాచారం గ్రాఫ్‌లో ఉంటే చాలు, ఫోన్‌కు రాకూడదు. కింద నేను రాసేదంతా ఈ నియమాన్ని నిలబెట్టుకోవడం గురించే.

ముందు కాగితం మీద

సర్వర్ల జాబితా మీ దగ్గర ఎలాగూ ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి, మీ యూజర్లు రోజూ వాడే సేవలు రాయండి: మెయిల్, ఫైల్ షేర్, అకౌంటింగ్ అప్లికేషన్, వెబ్‌సైట్, వీపీఎన్. ఒక్కోదాని పక్కన అది పనిచేస్తోందని బయట నుంచి ఎలా తెలుసుకోవచ్చో రాయండి. వెబ్ అప్లికేషన్ అయితే లాగిన్ పేజీ తెరుచుకోవాలి, అందులో ఫలానా మాట కనబడాలి. మెయిల్ అయితే 25వ పోర్ట్‌లో సర్వర్ పలకాలి. డేటాబేస్ అయితే ఒక చిన్న క్వెరీకి జవాబు రావాలి. డీఎన్‌ఎస్ అయితే ఒక పేరు అడిగితే సరైన చిరునామా చెప్పాలి. ఇలాంటి పరీక్షలు పది ఉన్నా చాలు, మీరు అడిగిన అసలు సమస్య (యూజర్ల కన్నా ముందే మనకు తెలియడం) చాలావరకు తీరుతుంది.

చాలామంది అన్నిటికీ పింగ్ (మెషీన్‌కు చిన్న ప్యాకెట్ పంపి బదులు వస్తుందో లేదో చూసే పరీక్ష) పెట్టి మొదటి రోజు పని అయిపోయిందనుకుంటారు. పింగ్‌ను 1983లో మైక్ మూస్ రాశాడు, ఇవాళ్టికీ దాని విలువ దానికుంది. కానీ పింగ్‌కు బదులిచ్చేది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్. అప్లికేషన్ బిగుసుకుపోయినా, డిస్క్ నిండిపోయినా, డేటాబేస్ కొత్త కనెక్షన్లు తీసుకోవడం మానేసినా, కెర్నెల్ బతికి ఉన్నంతసేపు పింగ్‌కు జవాబు వస్తూనే ఉంటుంది. దారిలో ఫైర్‌వాల్ ఐసీఎంపీని (పింగ్ వాడే ప్రోటోకాల్) ఆపేస్తే, బాగున్న సర్వర్ కూడా పోయినట్టే కనిపిస్తుంది. కాబట్టి పింగ్‌ను మెషీన్ దాకా దారి ఉందో లేదో చూడటానికే ఉంచండి. సేవ బాగుందో లేదో ఆ సేవనే అడగండి.

వెబ్ పరీక్షలో 200 అనే స్టేటస్ వచ్చిందా అని మాత్రమే చూడకండి. "క్షమించండి, డేటాబేస్ అందుబాటులో లేదు" అనే పేజీని 200తోనే పంపే అప్లికేషన్లు చాలా ఉన్నాయి. పేజీలో ఒక నిర్దిష్టమైన మాట ఉందో లేదో, జవాబు రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా కొలవండి.

ఏ సాఫ్ట్‌వేర్, ఎందుకు

నాగియోస్ 1999లో నెట్‌సెయింట్ అన్న పేరుతో మొదలైంది, రాసింది ఈథన్ గాల్‌స్టాడ్. దాని ఆలోచన చాలా సరళం: ఒక చిన్న ప్రోగ్రామ్ నడుస్తుంది, 0 అంటే బాగుంది, 1 అంటే హెచ్చరిక, 2 అంటే ప్రమాదం, 3 అంటే తెలియదు అని చెప్పి ముగుస్తుంది. ఆ పద్ధతి ఎంత బాగా కుదిరిందంటే, ఆ ప్లగిన్లను ఐసింగా వంటి ఇతర సాఫ్ట్‌వేర్లు ఇప్పటికీ వాడుకుంటున్నాయి. కానీ నాగియోస్ మూలరూపంలో ప్రతి మెషీన్‌నూ, ప్రతి సేవనూ కాన్ఫిగరేషన్ ఫైళ్లలో రాసుకోవాలి. గ్రాఫ్‌లు విడిగా అమర్చుకోవాలి. ఇద్దరే ఉన్న చోట ఆ చాకిరీ భారమవుతుంది.

ప్రోమీథియస్‌ను 2012లో సౌండ్‌క్లౌడ్‌లో మొదలుపెట్టారు. 2016లో కుబర్‌నెటిస్ తర్వాత క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌లో చేరిన రెండో ప్రాజెక్ట్ అది. అది తానే వెళ్లి ప్రతి మెషీన్ నుంచి అంకెలు తెచ్చుకుంటుంది, వాటి మీద లెక్కలు వేయడానికి ఇచ్చే క్వెరీ భాష చాలా శక్తిమంతమైనది. కంటెయినర్లు పుడుతూ పోతూ ఉండే చోట, మీ డెవలపర్లు తమ అప్లికేషన్ లోపలి అంకెలను బయటపెట్టే చోట దానికి సాటి లేదు. కానీ గ్రాఫ్‌ల కోసం గ్రఫానా, కబుర్ల కోసం అలర్ట్‌మేనేజర్, స్విచ్‌ల కోసం ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ పరికరాలను వాటి వివరాలు అడిగే పద్ధతి) ఎక్స్‌పోర్టర్, వెబ్ పరీక్షల కోసం బ్లాక్‌బాక్స్ ఎక్స్‌పోర్టర్ అన్నీ విడివిడిగా కూర్చుకోవాలి. డేటాను మామూలుగా 15 రోజులే ఉంచుతుంది, పెంచాలంటే చెప్పి పెంచాలి.

లిబ్రెఎన్‌ఎంఎస్ 2013లో అబ్జర్వియం నుంచి విడిపోయి వచ్చింది. స్విచ్‌లు, రౌటర్లు మాత్రమే ఉంటే నేను కళ్లు మూసుకుని దాన్నే సూచిస్తాను. ఎస్‌ఎన్‌ఎంపీ వివరాలు ఇస్తే చాలు, పోర్ట్‌లు, ఫ్యాన్లు, ఉష్ణోగ్రతలు, ఏ స్విచ్ దేనికి కలిసి ఉందో అదే కనిపెడుతుంది.

జాబిక్స్‌ను అలెక్సీ వ్లాదిషెవ్ మొదలుపెట్టాడు, 2001లో మొదటిసారి బయటికి వచ్చింది. సర్వర్ల మీద ఏజెంట్ (సర్వర్‌లోనే నడుస్తూ అంకెలు ఇచ్చే చిన్న ప్రోగ్రామ్), స్విచ్‌లకు ఎస్‌ఎన్‌ఎంపీ, వెబ్ పరీక్షలు, గ్రాఫ్‌లు, అలర్ట్‌లు అన్నీ ఒకే చోట ఉంటాయి. విండోస్, లినక్స్ రెండింటికీ తయారు టెంప్లేట్లు (ఏం కొలవాలో, దేనికి అలర్ట్ చేయాలో ముందే రాసి ఉన్నవి) వస్తాయి. మీలాంటి మిశ్రమ వాతావరణానికి, ఇద్దరు మనుషులకు ఇది సరైన జోడీ అంటున్నది అందుకే. ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) అని గుర్తు ఉన్న వెర్షన్‌నే వేయండి, దానికి అయిదేళ్ల పాటు మద్దతు ఉంటుంది.

ఎక్కడ పెట్టాలి, ఎంత చోటు కావాలి

మానిటరింగ్ సర్వర్‌ను మీరు గమనించబోయే వర్చువల్ హోస్ట్ మీదే పెట్టకండి. హోస్ట్ పడితే దానితో పాటు కాపలాదారూ పడిపోతాడు. చిన్నదైనా విడి మెషీన్ ఒకటి కేటాయించండి, వేగమైన ఎస్‌ఎస్‌డీ ఉండాలి. ఈ పనిలో ముందుగా అలిసిపోయేది ప్రాసెసర్ కాదు, డేటాబేస్ రాసే డిస్క్.

చోటు లెక్క ఇలా వేసుకోవచ్చు. 40 పరికరాలు, ఒక్కోదానికి 100 కొలతలు, నిమిషానికి ఒకసారి అనుకుందాం. అంటే సెకనుకు సుమారు 67 విలువలు, రోజుకు 57,60,000. జాబిక్స్‌లో ఒక్కో అంకెకు దాదాపు 90 బైట్లు పడుతుంది కాబట్టి రోజుకు అర జీబీ పైచిలుకు. 30 రోజులు ఉంచుకుంటే దాదాపు 16 జీబీ. అంతకన్నా పాత డేటాకు జాబిక్స్ ట్రెండ్స్ అని గంటకు కనిష్ఠం, గరిష్ఠం, సగటు మాత్రమే దాచుకుంటుంది. ఆ లెక్కన ఏడాదికి మూడు జీబీ చిల్లర. కాబట్టి పూర్తి వివరం ఒక నెల, ట్రెండ్స్ రెండేళ్లు ఉంచండి. వచ్చే ఏడాది బడ్జెట్ అడిగేటప్పుడు మీ చేతిలో ఉండే ఆధారం ఆ రెండేళ్ల గ్రాఫే.

పరికరాలను జోడించేటప్పుడు పేరుతో కాక ఐపీ చిరునామాతో జోడించండి. లేదంటే డీఎన్‌ఎస్ ఆగిన క్షణాన అన్నీ ఒకేసారి ఎర్రగా మారతాయి, అసలు పోయిందేదో వెతుక్కోవాల్సి వస్తుంది.

సర్వర్లలో ఏం చూడాలి

సీపీయూ 90 శాతానికి చేరితే అలర్ట్ అని ప్రతి టెంప్లేట్‌లోనూ ఉంటుంది. నేను మొదట తీసేసేది దాన్నే. రాత్రి బ్యాకప్ కుదించేటప్పుడు సీపీయూ 100 శాతం నడవడమే దాని పని. యూజర్‌కు జవాబు ఆలస్యమవుతోందా అన్నదే ప్రశ్న, దాన్ని వెబ్ పరీక్షలోని సెకన్లు చెప్తాయి. సీపీయూ గ్రాఫ్ మాత్రం ఉండాలి, ఆలస్యానికి కారణం వెతికేటప్పుడు అక్కరకొస్తుంది. వర్చువల్ మెషీన్లలో స్టీల్ అనే అంకెను కూడా గ్రాఫ్ చేయండి. మీ మెషీన్‌కు అందాల్సిన ప్రాసెసర్ సమయాన్ని హోస్ట్ వేరేవాళ్లకు ఇస్తోందని చెప్పేది అదొక్కటే.

లోడ్ యావరేజ్ గురించి ఒక మాట. లినక్స్‌లో అది ప్రాసెసర్ కోసం ఎదురుచూసే ప్రాసెస్‌లను మాత్రమే లెక్కపెట్టదు, డిస్క్ కోసమో ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీది ఫైల్ షేర్) కోసమో మధ్యలో ఆపలేని నిద్రలో ఉన్నవాటినీ కలుపుకుంటుంది. లోడ్ 40 ఉండి సీపీయూ ఖాళీగా కనబడితే కంగారు పడక్కర్లేదు, చూపు స్టోరేజ్ వైపు తిప్పండి.

మెమరీలో "ఫ్రీ" అనే అంకె మీద అలర్ట్ పెట్టకండి. ఖాళీగా ఉన్న మెమరీని లినక్స్ ఫైల్ కాష్‌కు వాడుకుంటుంది, కాబట్టి ఆరోగ్యంగా ఉన్న సర్వర్‌లో కూడా ఫ్రీ దాదాపు సున్నాకు దగ్గరగా ఉంటుంది. చూడాల్సింది "అవైలబుల్". కెర్నెల్ 3.14 నుంచి, అంటే 2014 నుంచి, కెర్నెలే ఆ అంచనా ఇస్తోంది. దానితో పాటు స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడుకునే డిస్క్ భాగం) ఎంత నిండిందని కాకుండా, స్వాప్‌లోకీ బయటికీ సెకనుకు ఎంత కదులుతోందో చూడండి. ఎప్పుడో ఒకసారి స్వాప్‌లోకి వెళ్లి అక్కడే నిద్రపోతున్న పేజీల వల్ల నష్టం లేదు, ఆగకుండా అటూ ఇటూ తిరుగుతున్నవే సర్వర్‌ను నెమ్మదింపజేస్తాయి.

డిస్క్ దగ్గర ఆగి ఆలోచించాలి, ఎందుకంటే ముందే పసిగట్టి నివారించగలిగే ప్రమాదాల్లో నాకు తెలిసి అన్నిటికన్నా సాధారణమైనది డిస్క్ నిండిపోవడం. శాతం మీద అలర్ట్ పెడితే 4 టీబీ డిస్క్‌లో 10 శాతం మిగిలిందంటే ఇంకా 400 జీబీ ఉన్నట్టు, నెలలు గడుస్తాయి. 20 జీబీ రూట్ డిస్క్‌లో 10 శాతం అంటే 2 జీబీ, అదుపు తప్పిన లాగ్ ఫైల్ ఒక గంటలో తినేస్తుంది. రెండింటికీ ఒకే గీత గీయడం సరికాదు. నిండటానికి ఎంత సమయం ఉందన్నది అడగండి. జాబిక్స్‌లో టైమ్‌లెఫ్ట్ అనే ఫంక్షన్, ప్రోమీథియస్‌లో ప్రెడిక్ట్ లీనియర్ అనే ఫంక్షన్ సరిగ్గా ఈ లెక్కే వేస్తాయి. నాలుగు గంటల్లో నిండేలా ఉంటే ఫోన్ మోగాలి. వారంలో నిండేలా ఉంటే పొద్దున చూసే జాబితాలో ఉంటే చాలు.

ఐనోడ్‌లను (ఒక్కో ఫైల్‌కు ఒకటి చొప్పున డిస్క్ కేటాయించే నమోదులు, వాటి సంఖ్యకు పరిమితి ఉంటుంది) మరవకండి. చిన్న చిన్న సెషన్ ఫైళ్లు లక్షల్లో పేరుకుపోతే డిస్క్‌లో జీబీలు ఖాళీగా ఉన్నా "చోటు లేదు" అనే ఎర్రర్ వస్తుంది. పెద్ద లాగ్ ఫైల్‌ను తొలగించినా చోటు తిరిగి రాకపోతే, ఏదో ప్రాసెస్ ఆ ఫైల్‌ను ఇంకా తెరిచి పట్టుకుని ఉందని అర్థం. ఆ ప్రాసెస్‌ను రీస్టార్ట్ చేస్తే చోటు వదులుతుంది. అలర్ట్ వివరణలో ఇలాంటి వాక్యం ఒకటి రాసి పెట్టుకుంటే అర్ధరాత్రి లేచినవాళ్లకు ఎంతో మేలు.

నెట్‌వర్క్ వైపు

స్విచ్‌లు, రౌటర్లు, యూపీఎస్‌లు మాట్లాడే భాష ఎస్‌ఎన్‌ఎంపీ. మనం అడిగే ప్రశ్నలు యూడీపీ 161వ పోర్ట్‌కు వెళ్తాయి, పరికరం తనంతట తాను పంపే ట్రాప్‌లు 162కు వస్తాయి. ట్రాప్ యూడీపీలో వస్తుంది కాబట్టి దారిలో పోతే పోయినట్టే. అందుకని ముఖ్యమైనదేదీ ట్రాప్ మీద మాత్రమే ఆధారపడి ఉండకూడదు, మనం కూడా అడుగుతూ ఉండాలి.

వెర్షన్ 2సీలో కమ్యూనిటీ అనే సంకేతపదం నెట్‌వర్క్‌లో ఏ మరుగూ లేకుండా ప్రయాణిస్తుంది, చాలా పరికరాల్లో అది పబ్లిక్ అనే మాటగానే మిగిలిపోయి ఉంటుంది. వెర్షన్ 3లో పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్ రెండూ ఉన్నాయి. మీ స్విచ్‌లు ఒప్పుకుంటే అదే వాడండి. ఒప్పుకోకపోతే కనీసం కమ్యూనిటీ మార్చి, చదవడానికి మాత్రమే అనుమతించి, మానిటరింగ్ సర్వర్ ఐపీ నుంచి తప్ప ఎవరడిగినా బదులివ్వకుండా కట్టడి చేయండి.

ట్రాఫిక్ గ్రాఫ్‌లు తప్పుగా వస్తున్నాయని ఎవరైనా అడిగితే, నేను మొదట చూసేది 32 బిట్ కౌంటర్లు వాడుతున్నారా అని. స్విచ్ ఎన్ని బైట్లు దాటాయో లెక్కపెడుతూ పోతుంది. 32 బిట్ కౌంటర్ 429 కోట్ల చిల్లర దగ్గర మళ్లీ సున్నాకు తిరుగుతుంది. 100 మెగాబిట్ లైన్ నిండా నడిస్తే అలా తిరగడానికి దాదాపు 343 సెకన్లు పడుతుంది. 1995లో టోబియాస్ ఓటికర్ ఎంఆర్‌టీజీ రాసిన కాలానికి అయిదు నిమిషాలకోసారి అడిగితే ఆ లెక్క సరిపోయేది. ఒక గిగాబిట్ లైన్‌లో అదే కౌంటర్ 34 సెకన్లకే తిరిగిపోతుంది, నిమిషానికోసారి అడిగినా లెక్క తప్పుతుంది. 64 బిట్ కౌంటర్లు వాడితే ఈ బెడద లేదు, అయితే అవి వెర్షన్ 1లో రావు, 2సీ లేదా 3 కావాలి. తయారు టెంప్లేట్లు సాధారణంగా 64 బిట్‌వే అడుగుతాయి. చేత్తో రాసుకున్నవాటిని సరిచూడండి.

పోర్ట్ ఎంత నిండింది అన్నదానికన్నా ఎర్రర్లు, డిస్కార్డ్‌లు నాకు ముఖ్యం. బాగున్న పోర్ట్‌లో ఎర్రర్లు సున్నా ఉండాలి. అవి నెమ్మదిగా అయినా పెరుగుతూ ఉంటే కేబుల్, ఫైబర్ మాడ్యూల్, లేదా రెండు చివర్లా డూప్లెక్స్ (ఒకేసారి పంపడం, అందుకోవడం రెండూ చేయాలా అన్న అమరిక) పొసగకపోవడం. డూప్లెక్స్ పొసగని లైన్‌లో పింగ్ శుభ్రంగా పోతుంది, పెద్ద ఫైల్ కాపీ మాత్రం నత్తనడక నడుస్తుంది. "నెట్‌వర్క్ స్లోగా ఉంది" అనే ఫిర్యాదుకు కారణం చాలాసార్లు ఈ ఒక్క గ్రాఫ్‌లో దొరుకుతుంది. డిస్కార్డ్‌లు పెరిగితే పోర్ట్ బఫర్ నిండి ప్యాకెట్లు వదిలేస్తోందని అర్థం.

స్విచ్‌లోని ప్రతి పోర్ట్‌కూ డౌన్ అలర్ట్ పెట్టకండి. ఎవరో సాయంత్రం లాప్‌టాప్ తీసి ఇంటికి వెళ్తే అది ప్రమాదం కాదు. స్విచ్‌ల మధ్య లింకులు, సర్వర్లు, ఇంటర్నెట్ లైన్లు ఉన్న పోర్ట్‌లకు స్విచ్‌లోనే డిస్క్రిప్షన్ రాసి, ఆ మాట ఉన్నవాటికే అలర్ట్ వచ్చేలా ఫిల్టర్ పెట్టండి. డిస్క్రిప్షన్ రాసే అలవాటు వల్ల ఇంకో లాభం: కొన్ని స్విచ్‌లు రీబూట్ తర్వాత పోర్ట్‌ల అంతర్గత నంబర్లు మార్చేస్తాయి, నంబర్‌ను నమ్ముకున్న గ్రాఫ్ అప్పుడు వేరే పోర్ట్‌ది చూపిస్తుంది.

అలర్ట్‌లు

మొదటి రెండు వారాలు ఏ అలర్ట్‌నూ ఫోన్‌కు పంపకండి. సాఫ్ట్‌వేర్‌ను నడవనివ్వండి, స్క్రీన్ మీద ఏమేం ఎర్రబడుతోందో రోజూ చూడండి. ఒక్కోదాని దగ్గర "ఇది రాత్రి రెండింటికి వస్తే నేను లేచి ఏం చేస్తాను" అని అడగండి. జవాబు "ఏమీ చేయను" అయితే దాని స్థాయి తగ్గించండి, లేదా తీసేయండి. మామూలు రోజు ఎలా ఉంటుందో తెలియకుండా గీతలు గీయలేం, ఆ రెండు వారాల గ్రాఫ్‌లు మీకు నేర్పేది అదే.

తర్వాత స్థాయిలు విడగొట్టండి. నా లెక్కలో మూడే చాలు: వెంటనే లేవాల్సినవి ఫోన్‌కు, పని గంటల్లో చూడాల్సినవి మెయిల్‌కో టికెట్‌కో, మిగతావి స్క్రీన్ మీదే. మొదటి వర్గంలోకి మీ కాగితం మీద రాసుకున్న సేవలు ఆగడం, డిస్క్ కొన్ని గంటల్లో నిండబోవడం, రెండు ఇంటర్నెట్ లైన్లూ పోవడం వంటివే రావాలి. రెండు లైన్లలో ఒకటి పోయిందంటే సేవ నడుస్తూనే ఉంది కాబట్టి అది రెండో వర్గం. రెయిడ్‌లో (కొన్ని డిస్క్‌లు కలిసి ఒకదానిగా పనిచేసే అమరిక) ఒక డిస్క్ పోవడం కూడా అంతే, కాకపోతే మర్నాడు పొద్దున్నే తప్పక చూడాలి, ఎందుకంటే ఇంకొకటి పోయేదాకా ఎవరికీ ఏ ఇబ్బందీ కనిపించదు.

ఒక్క కొలత తప్పగానే అలర్ట్ రాకూడదు. వరసగా మూడుసార్లు, లేదా అయిదు నిమిషాల పాటు తప్పితేనే రావాలి. గీత దగ్గర ఊగిసలాడే విలువలకు వెళ్లే గీత, వచ్చే గీత వేరుగా పెట్టండి: 90 దాటితే సమస్య, 80 కిందికి దిగితేనే సమస్య తీరినట్టు. జాబిక్స్ ట్రిగ్గర్‌లో (ఎప్పుడు అలర్ట్ చేయాలో చెప్పే షరతు) రికవరీ ఎక్స్‌ప్రెషన్ అనేది దీనికోసమే ఉంది. ఈ ఒక్క మార్పుతో పోయింది, వచ్చింది, పోయింది అంటూ వచ్చే మెయిళ్ల వరస ఆగిపోతుంది.

ఆ తర్వాత డిపెండెన్సీలు. ఒక స్విచ్ వెనుక పన్నెండు సర్వర్లు ఉంటే, ఆ స్విచ్ పోయినప్పుడు మీకు పదమూడు కబుర్లు కాదు, ఒక్కటే కావాలి. ఫలానా సర్వర్ ఫలానా స్విచ్ మీద ఆధారపడి ఉందని ముందే చెప్పి ఉంచితే మిగతావన్నీ మౌనంగా ఉంటాయి. దీన్ని అమర్చడానికి ఒక మధ్యాహ్నం పడుతుంది, పెద్ద ప్రమాదం జరిగిన రాత్రి ఆ మధ్యాహ్నం విలువ తెలుస్తుంది. అలాగే ప్యాచ్‌లు వేసే రాత్రికి మెయింటెనెన్స్ వ్యవధి (ఆ సమయంలో అలర్ట్‌లు రావు) పెట్టడం అలవాటు చేసుకోండి. మనమే రీబూట్ చేసినదానికి వచ్చే అలర్ట్, అలర్ట్‌లను పట్టించుకోకపోవడాన్ని మనకు అలవాటు చేస్తుంది.

అలర్ట్ సందేశం ఎలా ఉండాలంటే: ఏ సేవ, యూజర్లకు ఏం జరుగుతోంది, విలువ ఎంత, ఎప్పటి నుంచి, మొదట చూడాల్సినది ఏమిటి. "హోస్ట్ 14 క్రిటికల్" అని వస్తే నిద్రమత్తులో ఉన్న మనిషికి ఏమీ అర్థం కాదు. ఇద్దరే ఉన్నారు కాబట్టి వారం వారం వంతులు వేసుకోండి. మొదటివారు పదిహేను నిమిషాల్లో స్పందించకపోతే రెండోవారికి వెళ్లేలా ఎస్కలేషన్ పెట్టండి. ఇద్దరికీ ఒకేసారి వెళ్తే ఇద్దరూ అవతలివారు చూస్తున్నారనే అనుకుంటారు.

చప్పుడు లేకుండా ఆగిపోయేవి

బ్యాకప్ పోయినప్పుడు "విఫలమైంది" అని మెయిల్ పంపే స్క్రిప్ట్, అసలు నడవకపోతే మెయిల్ కూడా పంపదు. కాబట్టి లెక్క తిరగేయాలి: బ్యాకప్ విజయవంతంగా ముగిసిన ప్రతిసారీ మానిటరింగ్‌కు ఒక గుర్తు పంపాలి, 26 గంటలుగా గుర్తు రాకపోతే అలర్ట్ రావాలి. జాబిక్స్‌లో ట్రాపర్ ఐటమ్ (బయటి నుంచి పంపిన విలువను అందుకునేది), నోడేటా ఫంక్షన్ (విలువ రాలేదని చెప్పేది) కలిపితే ఇది పది నిమిషాల పని. నిర్ణీత సమయాలకు పనులు నడిపే క్రాన్‌లో ఉన్న ప్రతి ముఖ్యమైన పనికీ ఇదే పద్ధతి. బ్యాకప్ ఫైల్ సైజును కూడా గ్రాఫ్ చేయండి, నిన్నటిదాకా 80 జీబీ ఉన్నది ఇవాళ 2 ఎంబీ అయితే స్క్రిప్ట్ విజయం అని చెప్పినా నమ్మకూడదు.

టీఎల్‌ఎస్ సర్టిఫికెట్లు (వెబ్‌సైట్ సురక్షిత కనెక్షన్‌కు ఆధారమైన ధ్రువపత్రాలు) రెండోవి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ గడువు 90 రోజులు. మిగతా సంస్థలు ఇచ్చేవాటి గరిష్ఠ గడువు కూడా తగ్గుతూ వస్తోంది: సీఏ/బ్రౌజర్ ఫోరమ్ (సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు, బ్రౌజర్ తయారీదారుల వేదిక) నిర్ణయం ప్రకారం 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు. క్యాలెండర్‌లో రాసుకుని గుర్తుపెట్టుకునే కాలం అయిపోయింది. సర్టిఫికెట్ ఫైల్‌ను కాకుండా, సర్వర్ పోర్ట్‌లో నిజంగా చూపిస్తున్న సర్టిఫికెట్ గడువును పరీక్షించండి. కొత్త ఫైల్ డిస్క్ మీదికి వచ్చినా, వెబ్ సర్వర్‌ను రీలోడ్ చేయకపోతే పాతదే నడుస్తూ ఉంటుంది.

గడియారం మూడోది. యాక్టివ్ డైరెక్టరీ (విండోస్ నెట్‌వర్క్‌లో యూజర్ ఖాతాలు చూసే వ్యవస్థ) లాగిన్‌లు కెర్బరోస్ అనే ధ్రువీకరణ పద్ధతి మీద నడుస్తాయి, దాంట్లో మామూలుగా అయిదు నిమిషాల తేడా దాటితే లాగిన్ తిరస్కరిస్తుంది. అన్ని సర్వర్ల సమయ భేదాన్ని ఒక గ్రాఫ్‌లో పెట్టండి.

ఇక మానిటరింగ్ సర్వరే పడిపోతే? లేదా ఇంటర్నెట్ లైన్లు పోయి మెయిల్ బయటికే వెళ్లకపోతే? ఎర్రగా ఏమీ లేదంటే అంతా బాగుందని కాదు, చూసేవాడే లేడని కూడా కావచ్చు. మీ నెట్‌వర్క్ బయట ఏదో ఒక చోట నుంచి మీ వెబ్‌సైట్‌నూ వీపీఎన్‌నూ పరీక్షించే చిన్న ఏర్పాటు ఉండాలి. మీ జాబిక్స్ అయిదు నిమిషాలకోసారి ఆ బయటి చోటుకు "నేను ఉన్నాను" అని చెప్పాలి, చెప్పడం ఆగితే అటు నుంచి మీ ఫోన్‌కు కబురు రావాలి.

గ్రాఫ్‌లు చదివేటప్పుడు

అయిదు నిమిషాల సగటులో 30 సెకన్ల పాటు పూర్తిగా నిండిపోయిన లింక్ 10 శాతంగా కనబడుతుంది. వీడియో కాల్ ఆ 30 సెకన్లలోనే తెగిపోయింది, గ్రాఫ్ మాత్రం ఖాళీగా ఉందంటుంది. అనుమానం ఉన్న లింక్‌ను కొన్నాళ్లు 10 సెకన్లకోసారి అడగండి. జవాబు సమయాల్లోనూ సగటు కాకుండా 95వ, 99వ పర్సెంటైల్ (నూటికి 95 లేదా 99 జవాబులు ఏ సమయంలోపు వచ్చాయో ఆ అంకె) చూడండి. వందలో అయిదుగురికి పేజీ పది సెకన్లు పడుతుంటే సగటు దాన్ని మింగేస్తుంది, ఫోన్ చేసేది మాత్రం ఆ అయిదుగురే.

భద్రత గురించి తప్పక

మానిటరింగ్ సర్వర్ దగ్గర మీ నెట్‌వర్క్ మొత్తం పటం, ప్రతి పరికరంలోకీ ఒక తాళం ఉంటాయి. దాని వెబ్ పేజీని ఇంటర్నెట్‌కు తెరవకండి, వీపీఎన్ నుంచి మాత్రమే చూడండి. జాబిక్స్‌లో ఇన్‌స్టాల్ చేయగానే వచ్చే అడ్మిన్ పాస్‌వర్డ్ లోకమంతటికీ తెలిసినదే, మొదటి నిమిషంలోనే మార్చండి. ఏజెంట్ 10050వ పోర్ట్‌ను మానిటరింగ్ సర్వర్‌కే తెరవండి, ఏజెంట్ ద్వారా రిమోట్ కమాండ్లు నడిపే వెసులుబాటును అవసరం వచ్చేదాకా మూసే ఉంచండి. డేటాబేస్‌లోకి చూసే ఖాతాకు చదివే హక్కు మాత్రమే ఇవ్వండి.

ఇవన్నీ ఒకేసారి చేయాలని చూడకండి. ఈ వారం జాబిక్స్ వేసి, కాగితం మీది సేవలకు పరీక్షలు, సర్వర్లకు డిస్క్ కొలత పెట్టండి. తర్వాత స్విచ్‌లు, ఆ తర్వాత బ్యాకప్, సర్టిఫికెట్లు. ఫోన్‌కు అలర్ట్‌లు కలిపాక ఒక సాయంత్రం యూజర్లకు ముందే చెప్పి నిజంగా ఒక సేవను ఆపండి, ఒక లింక్ తీయండి. కబురు ఎంతసేపటికి వచ్చింది, ఎవరికి వచ్చింది, చదివితే అర్థమైందా అన్నది అప్పుడే తెలుస్తుంది. మూడు నెలలకోసారి ఆ పరీక్ష మళ్లీ చేయండి. మీ స్విచ్‌ల మోడళ్లు, వర్చువలైజేషన్ ఏది వాడుతున్నారో రాస్తే, వాటికి ఏ టెంప్లేట్లు తీసుకోవాలో, వాటిలో ఏ ట్రిగ్గర్లు మొదటి రోజే ఆపేయాలో చెప్తాను.